చాటలో తొమ్మిది ఫ్యూజులు

బుద్వేల్,
2025 ఏప్రిల్ 2.

ప్రియమైన నాన్నకు,

నీ చెవులతో పని కాదని తేలిపోయింది కనుక నీ కళ్లకే నా వందనాలు. ఫోన్ చేస్తే నేను చెప్పేదానిలో సగం వింటావు, మిగతా సగానికి "సరే సరే" అంటావు. అన్నిటికీ సరేననే మనిషితో ముఖ్యమైన సంగతి ఎలా చెప్పమంటావు? శంషాబాద్ విమానాశ్రయంలో పదిహేనేళ్లు సామాన్లు ఎక్కించావు. చెవులకు మూతలు పెట్టుకోమని అందరూ మొత్తుకుంటే, పెట్టుకుంటే నేను పాడే కీర్తన నాకే వినపడదన్నావు. ఇప్పుడు మెదక్ హాస్టల్లో నలభై మంది పిల్లల మధ్య ఇంత ప్రశాంతంగా వార్డెన్ ఉద్యోగం చేయగలుగుతున్నావంటే అదంతా ఆ విమానాల దయే. కోప్పడకు, ఉన్న మాటే కదా.

సంగతి ఇది. నేను చేస్తున్న పని గురించి నీకు సగం సగమే తెలుసు. రాజేంద్రనగర్‌లోని మా విశ్వవిద్యాలయమూ, కెన్యా దేశంలో నైరోబీ నగరంలో ఉన్న ఒక విశ్వవిద్యాలయమూ కలిసి చేస్తున్న పరిశోధన ఇది. వాన నెల రోజులు మొహం చాటేసి, వచ్చినప్పుడు నెల వానంతా రెండు రోజుల్లో కుమ్మరిస్తోంది. ఇక్కడా అంతే, అక్కడా అంతేనట. అలాంటప్పుడు పల్లెల్లో బావుల నీళ్లు ఎండాకాలం చివరిదాకా నిలవాలంటే ఏం చేయాలి, ఆ కాసిని నీళ్లతో ఏ పంట వేస్తే ఇంటిల్లిపాదికీ తిండి దొరుకుతుంది అన్నది ప్రశ్న. ఇక్కడ ఎనిమిది ఊళ్లు, అక్కడ ఎనిమిది ఊళ్లు. ప్రతి ఊళ్లో ఒక రైతు రోజూ సాయంత్రం ఆరింటికి బావిలోకి టేపు వదిలి, నీళ్లు ఎంత లోతున ఉన్నాయో నోటుబుక్కులో రాయాలి. నేను వారానికొకసారి వెళ్లి ఆ అంకెలు కంప్యూటర్లోకి ఎక్కించాలి.

మంఖాల్‌కు శుక్రవారాలు వెళ్లేదాన్ని. ఆరాంఘర్ చౌరస్తాలో అరగంట పొగ మింగి, శ్రీశైలం రోడ్డెక్కితే అక్కడ మా రైతు శివమ్మ. యాభై అయిదేళ్లుంటాయి. రెండెకరాల పొలం, దానికి మూడు వైపులా ప్లాట్ల హద్దురాళ్లు. టమాటా సాళ్ల మధ్య కొత్తిమీర, గట్ల మీద కంది, ఓ మూల జొన్న. నెత్తి మీద నుంచి విమానం పోతుంటే మాట ఆపుతుంది, అది దాటగానే ఆపిన చోటి నుంచే అందుకుంటుంది. తల మాత్రం ఎత్తదు. చదువు రాదు కానీ అంకెలు ముత్యాల్లా రాస్తుంది. నవంబరు నడుమ మొదలుపెట్టినప్పటి నుంచి ఒక్క సాయంత్రం తప్పలేదు, కోడలి కాన్పు రోజుతో సహా. నిజం చెప్పాలంటే ఆమె అంటే నాకు మొదటి నుంచీ అబ్బురమే.

అందుకే ఆమె చేసిన పనికి ఎక్కువ బాధ పడ్డాను. బావిలో నీళ్లు రోజూ ముప్పై ఆరడుగుల లోతున ఉంటే, ఏదో ఒక రోజు ఉన్నట్టుండి ముప్పై రెండు అని రాస్తుంది. మర్నాటికి మళ్లీ ముప్పై ఆరు. వాన లేదు, కాలువ లేదు. నాలుగడుగుల నీళ్లు ఒక్క సాయంత్రానికి వచ్చి పోతాయా? డిసెంబరు 1న, 30న, జనవరి 29న, ఫిబ్రవరి 27న ఇలాగే. కంప్యూటర్ నాలుగింటికీ ఎర్రగీత పెట్టింది. అడిగితే ఆమె ఏమన్నదో తెలుసా? "ఆ దినం అమాస గద బిడ్డా" అన్నది. అమావాస్యకు బావి ఉబ్బుతుందట! అమావాస్యలూ పున్నములూ మనకు లేవని నువ్వు నేర్పిన పెంపకం నాది. చంద్రుడికీ బావికీ సంబంధం ఉండదని పది నిమిషాలు పాఠం చెప్పాను. ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంటూ అంతా విని, "నేను బాయి చెప్పిందే రాసిన" అన్నది.

మార్చి 7న ఆమె దగ్గర నోటుబుక్కూ టేపూ తీసేసుకున్నాను. నాలుగు తప్పులుంటే ఆ బావిని వదిలేయాలని నియమం. "ఈ రైతు రాసిన కొలతలు నమ్మదగినవి కావు" అని నివేదికలో రాశాను. వచ్చే మూడేళ్లకు ఎనిమిది ఊళ్లలో అయిదింటినే ఉంచుతారు. వాటికే ఇంకుడు కుంటలు, విత్తనాలు, సాగు ఖర్చులు. మంఖాల్ ఉండదు, నా నివేదిక వల్లే. ఈ నెల 24న నైరోబీ నుంచి ప్రొఫెసర్ వంజీరు గారు వచ్చి పట్టిక ఖాయం చేస్తారు.

ఇక అసలు కబురు. నా లెక్కలు శుభ్రంగా ఉన్నాయని, ఏడాది శిక్షణకు నన్ను నైరోబీకి ఎంపిక చేశారు. ఆగస్టులో ప్రయాణం. నువ్వు సామాన్లు ఎక్కించిన చోట నీ కూతురు విమానమెక్కుతుంది నాన్నా! సంతోషంగా ఉంది. కాకపోతే నోటుబుక్కు తీసుకున్నప్పుడు శివమ్మ చూసిన చూపు ఒకటి అప్పుడప్పుడూ గుర్తొస్తోంది. నువ్వు దిగులు పడకు, మందులు వేసుకో.

నీ కూతురు,
ఎవాంజెలిన్


బుద్వేల్,
2025 ఏప్రిల్ 15.

నాన్నా,

శనివారం వచ్చిన నీ కార్డును పక్కింటి వాళ్లు మట్టల ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరే ముందు చేతికిచ్చారు. అంత గొప్ప వార్త రాస్తే శుభాకాంక్షలు ఒక్క లైను, అక్షింతలు ఆరు లైన్లు. హాస్టల్ గోడకున్న క్యాలెండర్లు, పోయినేటిదీ ఈ ఏటిదీ, దించి చూశానని, నేను రాసిన నాలుగు తేదీల పక్కనా నల్ల చుక్కే ఉందని రాశావు. "అమావాస్య పాటించవద్దని నేర్పాను. పాటించేవాళ్ల మాట వినవద్దని ఎప్పుడు నేర్పాను? ఆమె తేదీ ఒక్కటీ తప్పలేదు. ఎందుకని అడిగావా?" అన్నావు. ఆ ప్రశ్న ప్రార్థనంతా నా పక్కనే కూర్చుంది. మన వంటింట్లోనూ అదే క్యాలెండర్ ఉంది. జనవరి నుంచి దాని మీద పాల లెక్క రాస్తున్నాను, ఒక్కసారీ ఆ నల్ల చుక్కల వంక చూడలేదు.

నిన్న సెలవు కావడంతో మంఖాల్ వెళ్లాను. శివమ్మ కొత్తిమీర కట్టలు కడుతోంది. నన్ను చూసి ముఖం తిప్పుకోలేదు, నీళ్లు తాగమని చెంబు ఇచ్చింది. "శివమ్మక్కా, అమావాస్య నాడు నీళ్లెందుకు పెరుగుతాయి?" అని అడిగాను. అడగాల్సిన మాట అడగడానికి నాకు అయిదు నెలలు పట్టింది.

"ఎందుకేంది? మోటర్లు బందు గద" అన్నది.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తాను. ఆ చుట్టుపక్కల తొమ్మిది మోటార్లున్నాయి. పైన ఎవరి బావి వారిదే అయినా కింద ఊట ఒక్కటే. ఆరేళ్ల కింద ఎండాకాలం తొమ్మిది బావులూ ఒక్కసారి అడుగంటాయి. ఒకడు మోటారు వేస్తే పక్కవాడి బావి నీళ్లు లేక గుటకలు వేయడం మొదలుపెట్టింది. పక్క పొలం వీరేందరూ శివమ్మ పెనిమిటీ కట్టెలు పట్టుకుని కొట్టుకునే దాకా పోయింది. అప్పుడు శివమ్మ మధ్యలోకి వచ్చి, అందరినీ పొలం గట్టు మీద కూర్చోబెట్టింది.

"నేనేమన్ననంటే బిడ్డా, ఎడ్లున్నప్పుడు అమాస నాడు నాగలి కట్టకపోతుంటిమి. గడెం ఇప్పి వాటిని ఇడిసిపెడుతుంటిమి. ఇప్పుడు ఎడ్లు ఏడున్నయ్? మోటరే ఎద్దాయె. మరి దానికి గూడ ఒక దినం సెలవియ్యాలె గద! ఇస్తెనే బాయి జర ఊపిరి తీసుకుంటది" అన్నది.

ఒప్పుకోవడం వరకు అందరూ ఒప్పుకున్నారు. కానీ చీకటి పడ్డాక ఎవరో ఒకరు దొంగచాటుగా మోటారు వేయకుండా ఉంటారా? దానికీ ఆమె దగ్గరే ఉపాయం ఉంది. అమావాస్యకు ముందు రోజు పొద్దుగూకగానే ఎవరి మోటారు ఫ్యూజు వారు పీకి, తెచ్చి శివమ్మ ఇంట్లో చాటలో వేయాలి. అమావాస్య గడిచి, తెల్లారి ఎవరిది వారు పట్టుకుపోవాలి. తొమ్మిది ఫ్యూజులూ వస్తేనే ఆమె పొయ్యి రాజేసుకుంటుంది. ఎనిమిదే వస్తే, తొమ్మిదో వాడి గడప ముందుకెళ్లి కూర్చుంటుంది. తిట్టదు, అరవదు, ఊరికే కూర్చుంటుంది. "ఆమె కూసున్నదంటే మా ఇంట్ల ఎవ్వరికి ముద్ద దిగది" అని వీరేందరే నాతో అన్నాడు. ఆరేళ్లలో ఒక్క అమావాస్య తప్పలేదు. అందుకే మిగతా ఊళ్లలో మార్చికే ఎండిపోతున్న బావులు ఇక్కడ మే దాకా ఆగుతున్నాయి.

బావులు ఒక రోజులో ఎంత ఊరుతాయో తెలుసుకోవాలంటే చుట్టూ ఉన్న పంపులన్నీ ఒక్కసారి ఆపించి కొలవాలి. ఆ పని ఎనిమిది ఊళ్లలో ఎక్కడా చేయలేకపోయాం, రైతులు ఆపరని మీటింగుల్లో చేతులెత్తేశాం. ఇక్కడ ఈమె నెలనెలా ఆపించి, కొలిచి, అంకె రాసి నా చేతికిచ్చింది. నేను దాని మీద ఎర్రగీత పెట్టి, ఆమెకే పాఠం చెప్పాను.

ఇంకా ఉంది, విను. "నోటుబుక్కు నేను తీసుకోకుండా ఉండాల్సింది, నెల పైన కొలతలు పోయాయి" అన్నాను. ఆమె లేచి మోటారు గదిలోకి నడిచింది. లోపలి గోడ నిండా బొగ్గుతో రాసిన అంకెలు! మార్చి 7 నుంచి మొన్నటి దాకా, ముప్పై ఎనిమిది సాయంత్రాలు. మార్చి 29 అమావాస్య దగ్గర ముప్పై ఏడు కాస్తా ముప్పై మూడయింది. టేపు నేను పట్టుకుపోయాను కదా, పాత చాంతాడుకు అడుగుకొక ఎర్ర గుడ్డపీలిక కట్టి, చివర రాయి వేలాడదీసి కొలిచింది. టేపు తన దగ్గరున్నప్పుడే ఎందుకైనా మంచిదని రెండూ సరిచూసి పెట్టుకుందట.

"నేను వద్దన్నాక కూడా ఎందుకు రాశావు?" అని అడిగాను.

"బుక్కు నీది బిడ్డా. బాయి నాది" అన్నది. ఒక్క మాట కోపంగా అన్నా బాగుండేది.

ఈ రోజు పొద్దున మా రాజశేఖర్ సార్‌కు చెప్పాను. మా శాఖకు ఆయనే పెద్ద, మనిషి మంచివాడే. "ఇప్పుడెందుకమ్మా ఇదంతా? పట్టిక వెళ్లిపోయింది. ఆ ఊరిని మరో పథకంలో ఎక్కడైనా చేర్చుకుందాం. నీ ఎంపిక ఈ కొలతల మీదే జరిగింది, మరచిపోకు" అన్నారు. మరచిపోతే కదా! నోరు విప్పితే నైరోబీ పోతుంది. విప్పకపోతే మంఖాల్ పోతుంది, ఆమె పేరు పక్కన "నమ్మదగినవి కావు" అన్న మాట రెండు దేశాల కాగితాల్లో ఉండిపోతుంది. ఏది సరైనదో నాకు తెలుసు. తెలిసి కూడా భయంగా ఉంది నాన్నా. ఈ ఉత్తరం డబ్బాలో వేస్తే, నీకు చెప్పేశాను కనుక ఇక వెనక్కి పోలేనన్న ఆశతో రాస్తున్నాను. నా కోసం ప్రార్థన చెయ్యి. గట్టిగా చెయ్యి, నీకెలాగూ వినపడదు.

నీ
ఎవాంజెలిన్


బుద్వేల్,
2025 ఏప్రిల్ 28.

ప్రియమైన నాన్నకు,

చెప్పేశాను.

24న విమానాశ్రయం దగ్గరి హోటల్ హాల్లో మీటింగ్. వంజీరు గారిని అప్పుడే దగ్గరగా చూశాను. పొట్టి జుట్టు, దుమ్ము పట్టిన బూట్లు, బయట కంకర కుప్ప కనిపిస్తే ఆగి రాయి చేతిలోకి తీసుకుని చూసే మనిషి. తెర మీద పట్టిక వచ్చింది, మంఖాల్ పేరు మీద గీత. నా కాళ్లు లేచాయి, తర్వాత నేను లేచాను. తప్పు రైతుది కాదు, నాది అన్నాను. నాలుగు తేదీలు, తొమ్మిది ఫ్యూజులు, చాట, బొగ్గు గోడ అన్నీ చెప్పాను. ఆమె కారణం చెప్పినా మూఢనమ్మకమని కొట్టేశానని కూడా చెప్పాను. రాజశేఖర్ సార్ బల్ల వంక చూస్తూ కూర్చున్నారు.

వంజీరు గారు నన్ను ఓదార్చలేదు. మూడు ప్రశ్నలు వేశారు. తాడును టేపుతో సరిచూశారా? తొమ్మిది మోటార్లూ నిజంగా ఆగుతాయని నువ్వు కళ్లారా చూశావా? ఆ మహిళకు క్షమాపణ చెప్పావా? మొదటి దానికి అవునన్నాను, తక్కిన రెండింటికీ లేదన్నాను. "అయితే ఇంకా పని మిగిలే ఉంది" అన్నారు ఆమె. క్యాలెండర్ తెప్పించి చూసి, వచ్చే అమావాస్య ఆదివారమే అని తెలిసి, శనివారం ప్రయాణాన్ని సోమవారానికి మార్చుకున్నారు. మా తప్పు పట్టుకోవడం కోసం అంత పెద్దావిడ రెండు రోజులు ఆగడం చూస్తే ఆమె మీద గౌరవం కలిగింది. అలాంటి మనిషి దగ్గర చదువుకోవాలనిపించింది. అదే సాయంత్రం ఆ అవకాశం పోయింది. నైరోబీకి ఈ ఏడు మా శాఖలోని అరుణ్‌కుమార్ వెళ్తాడు, నాకన్నా ఓపికగా మాట వినే కుర్రాడు. నేను మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. ఏడవలేదని అబద్ధం చెప్పను. ఆరాంఘర్ సిగ్నల్ దగ్గర హెల్మెట్ లోపల ఏడ్చాను. అద్దం మసకబారి, పచ్చలైటు పడ్డా కనిపించక వెనక వాళ్లందరి చేతా హారన్లు కొట్టించుకున్నాను.

శనివారం సాయంత్రం శివమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని చాటలోకి ఫ్యూజులు ఒక్కొక్కటే వచ్చి పడటం చూశాను. నిన్న చర్చి అయ్యాక ఆ చీరతోనే మళ్లీ మంఖాల్ వెళ్లాను. వంజీరు గారూ వచ్చారు. తొమ్మిది పొలాల వాళ్లూ మోటారు గది ముందు చేరారు. వంజీరు గారు బొగ్గు గోడ ముందు చాలాసేపు నిలబడ్డారు. ఫోన్ తీశారు కానీ, శివమ్మను అడిగి, ఆమె తల ఊపాకే ఫొటో తీసుకున్నారు. శివమ్మ ఆమెను ఎగాదిగా చూసి, "మీ దిక్కు బాయి మీద ఎన్ని మోటర్లున్నయ్ అక్కా?" అని అడిగింది. నేను రెండు భాషల మధ్య తిరుగుతూ చెమటలు కక్కాను. వాళ్లిద్దరూ ఊటల గురించీ, ఎండల గురించీ, మాట నిలబెట్టుకోని పొరుగువాళ్ల గురించీ గంటసేపు మాట్లాడుకున్నారు. కెన్యాలోనూ వీరేందర్‌లు ఉన్నారట. వీరేందర్ అందరికన్నా గట్టిగా నవ్వాడు.

ఆరింటికి శివమ్మ ఎర్ర పీలికల తాడు వదిలింది, పక్కనే నేను టేపు వదిలాను. ముప్పై నాలుగున్నర రెండింటిలోనూ. ముందు రోజు ముప్పై ఎనిమిదిన్నర. అక్కడే, అందరి ముందూ, నివేదికలో నేను రాసిన మాట పైకి చదివి వినిపించాను. "నమ్మదగినవి కావు" అన్న ముక్కను రెండుసార్లు చదివాను. దాన్ని కొట్టేసి, తప్పు నాదేనని రాసి సంతకం పెట్టాను. "నన్ను క్షమించు శివమ్మక్కా" అన్నాను. ఆమె తడిసిన తాడు చుట్ట చుట్టి ఆరేసింది. నేను అట్లా నిలబడే ఉన్నాను.

తర్వాత వంజీరు గారు పట్టికలో మంఖాల్ మీది గీత తీసేయించి, ఒక మాట అడిగారు. నెలకు ఒక రోజు సెలవిస్తేనే బావులు మే దాకా వస్తున్నాయి, రెండో రోజు కూడా ఇస్తే మరో రెండు మూడు వారాలు సాగుతాయేమో, ప్రయత్నిస్తారా అని. వీరేందర్ లేచాడు. "గీ ఎండలల్ల రెండు దినాలా? టమాట వాడిపోతది. మస్తు పరేషాన్ అయితది అక్కా" అన్నాడు. కొంతసేపు గొడవ గొడవగా మాట్లాడుకున్నారు. చివరికి ముందు రోజు మొదళ్లకు గడ్డి కప్పి తడిపితే ఒక్క రోజుకు ఏమీ కాదని శివమ్మ తేల్చింది. ఇక ఏ రోజన్నది ప్రశ్న. "ఇంకేంది, పున్నమే గద" అన్నారు అందరూ.

"పున్నమి గాదు. పున్నమెంబడి వచ్చే ఆయితారం" అన్నది శివమ్మ.

"ఆయితారమెందుకు?" అన్నాడు వీరేందర్.

ఆమె నా వంక చూడకుండా, తాడు మీది ఎర్ర పీలికలు సవరిస్తూ చెప్పింది. "ఈ పిల్ల దేవుడు ఆయితారం నాడు సెలవు తీసుకుంటడంట. మంచి దినమే అయ్యుంటది. అమాస మన బాయికి పనికొచ్చె, ఆయితారం పనికి రాదా?" అని, అప్పుడు నా వైపు తిరిగింది. "చర్చి అయినంక రా బిడ్డా. ఆ దినం చాట నీ ముంగటనే పెడత. ఎవ్వరడిగిన ఇయ్యకు. కొలిచేది గూడ నువ్వే."

నాన్నా, నేను అడిగింది క్షమాపణ. ఆమె ఇచ్చింది తన చాట. నాకు ఇంతకన్నా పెద్ద ఎంపిక ఇక ఎక్కడా జరగదు.

ఆ ఆదివారం మే 18. నువ్వు హాస్టల్‌కు సెలవు పెట్టి రావాలి. నిన్న మోటార్లన్నీ ఆగి ఉన్నప్పుడు, రెండు విమానాల మధ్య సందులో, బావి లోపల రాతి సందుల నుంచి ఊట జారే చప్పుడు విన్నాను. ఆర్నెల్లుగా ఆ బావి దగ్గరికి వెళ్తున్నాను, ఎప్పుడూ వినలేదు. నీకు వినపడకపోవచ్చు. ఫరవాలేదు, నేను పక్కన కూర్చుని, ఎప్పుడు వినిపిస్తే అప్పుడు నీ చెయ్యి నొక్కుతాను.

ఎదురుచూస్తూ,
నీ కూతురు
ఎవాంజెలిన్